పోలీసా? మిలిటరీయా?



ఈ శీర్షికలో మామూలుగా కంప్యూటర్లూ, పిల్లల చదువులూ, కాలేజీ సీట్లూ మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి కూడా పిల్లల చదువు గురించే గానీ, కోడింగ్ గురించి కాదు. నా పాతికేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవం ఎందుకూ పనికిరాని ఒక ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది.

ఒక శుక్రవారం సాయంత్రం అల్ ఖోబర్ కార్నిష్‌లో చాప పరుచుకుని కూర్చున్నాం. మా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. మా అమ్మాయి సైకిల్ మీద చక్కర్లు కొడుతోంది. పన్నెండో తరగతిలోకి వచ్చిన మా పెద్దాడు ఫోన్ పక్కన పెట్టి (ఇదే ఒక వింత!), "డాడీ, పోలీసా మిలిటరీయా, ఏది బెటర్?" అన్నాడు.

"ఏ గేమ్‌లోరా?" అన్నాను.

"గేమ్ కాదు డాడీ. నేను ఏది అవ్వాలి అని."

మా ఆవిడ చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. "ఇంజనీరింగ్ అనే మాట ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?" అంది, నా వైపు చూస్తూ. తప్పు నాదే అన్నట్టు!

నవ్వి ఊరుకుందామనుకున్నాను. కానీ వాడి ముఖంలో నవ్వు లేదు. అప్పుడు నాకే ఒక విషయం తట్టింది. ఏది బెటరో నాకు తెలియదు. వాడికి అంతకన్నా తెలియదు. గల్ఫ్‌లో పెరిగిన మన పిల్లలకు ఇండియా పోలీసు అంటే పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కు వచ్చే మనిషి, లేకపోతే సినిమాలో జీపు దిగే హీరో. మిలిటరీ అంటే జనవరి 26 పరేడు. ఈ మాత్రం సమాచారంతో జీవితం తేల్చుకోమంటే ఎలా?

సరే, కన్సల్టెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ రాత్రే ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ ఒకటి మొదలుపెట్టాను.

తలుపులు ఒకేసారి తెరుచుకోవు

నిజంగా పనికొచ్చింది ఆ షీట్‌లో ఒక్క కాలమ్: వయసు.

ఇంటర్ లేదా ప్లస్ టూ తరువాత సైన్యంలో ఆఫీసరు కావడానికి పెద్ద దారి ఎన్.డి.ఎ., అంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ. యు.పి.ఎస్.సి. ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. వయసు సుమారుగా పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు ఉండాలి. పన్నెండో తరగతి చదువుతున్నవాళ్ళు కూడా రాయొచ్చు. ఆర్మీకైతే ఏ గ్రూపైనా ఫరవాలేదు, నేవీకీ ఎయిర్‌ఫోర్స్‌కీ మాత్రం మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. రాతపరీక్షకు 900 మార్కులు (లెక్కలు 300, జనరల్ ఎబిలిటీ 600). అది గట్టెక్కితే ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ, దానికి మరో 900. ఇంటర్వ్యూ అంటే టై కట్టుకుని అరగంట కూర్చోవడం కాదండోయ్! అయిదు రోజులు అక్కడే ఉంచి, బొమ్మ చూపించి కథ రాయమంటారు, గుంపులో వదిలి తాళ్ళూ దుంగలూ ఇచ్చి అడ్డంకి దాటమంటారు. మొదటి రోజు వడపోతలోనే చాలామంది బ్యాగు సర్దుకుంటారు. ఎంపికైతే మూడేళ్ళు ఖడక్‌వాస్లాలో చదువూ శిక్షణా, ఆ తరువాత ఆర్మీవాళ్ళకు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఒక ఏడాది. అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే భుజం మీద నక్షత్రాలు.

డిగ్రీ తరువాత ఇంకో దారి ఉంది. సి.డి.ఎస్. పరీక్ష రాసి డెహ్రాడూన్‌కో, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకో వెళ్ళొచ్చు. చెన్నైలో శిక్షణ 49 వారాలు. అక్కడి నుంచి వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్: మొదట పదేళ్ళు, తరువాత కావాలంటే పొడిగింపు. ఈ దారి కూడా ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళ దగ్గర మూసుకుపోతుంది.

ఇక పోలీసు సంగతి. ఆఫీసరు స్థాయిలో ఏ తలుపూ ఇరవై ఒకటి నిండేదాకా తెరుచుకోదు, డిగ్రీ లేకుండా అసలే తెరుచుకోదు. ఎస్.ఐ. కావాలంటే రాష్ట్ర పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష, డి.ఎస్.పి. కావాలంటే గ్రూప్-1, ఐ.పి.ఎస్. కావాలంటే సివిల్ సర్వీసెస్. సివిల్స్‌కు జనరల్ కేటగిరీలో 32 ఏళ్ళ దాకా ఆరుసార్లు రాయొచ్చు. ఐ.పి.ఎస్. వచ్చినవాళ్ళు ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు చేసి, మన హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ నేషనల్ పోలీస్ అకాడమీకి వస్తారు. 1948లో మౌంట్ ఆబులో మొదలైన ఆ అకాడమీ 1975లో హైదరాబాద్‌కు మారింది.

జీతం సంగతి మా ఆవిడ అడిగింది కాబట్టి చెప్తున్నాను. ఏడో వేతన సంఘం లెక్కన కొత్త లెఫ్టినెంటుకూ, కొత్త ఐ.పి.ఎస్.కూ మొదటి మూలవేతనం ఒకటే, నెలకు 56,100 రూపాయలు. సైన్యంలో దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500 అదనం. "ఇక్కడ నీ కింద పనిచేసే కుర్రాడికి ఇంతకన్నా ఎక్కువ" అంది. నిజమే. డబ్బు లెక్క వేసుకునేవాళ్ళు ఈ రెండు వరుసల్లోనూ నిలబడనక్కర్లేదు.

అయితే ఆ షీట్ చెప్పింది ఏమిటి? ఒక తలుపు పందొమ్మిదిన్నరకు మూసుకుపోతుంది. రెండోది అప్పటికి ఇంకా తెరుచుకోనేలేదు. అటు నుంచి ఇటు రావచ్చు: షార్ట్ సర్వీసులో అయిదేళ్ళు చేసి బయటికొచ్చిన ఆఫీసర్లకు సివిల్స్‌లో వయసు సడలింపు ఉంది. ఇటు నుంచి అటు వెళ్ళడం దాదాపు కుదరదు. కాబట్టి మనసులో రెండూ ఉన్న పిల్లాడు ముందు ఎన్.డి.ఎ. రాయడమే లాజిక్. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే ఇఫ్-ఎల్స్ రెండు లైన్లలో తేలిపోయింది!

మర్నాడు పొద్దున్న గర్వంగా చూపించాను. వాడు చూసి, "ఇది ఏది ముందు రాయాలో చెప్తోంది డాడీ. నేను ఏది అవ్వాలో చెప్పట్లేదు" అన్నాడు. నాకు మాట రాలేదు.

తాతకు ఫోన్

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. మాది విజయనగరం. మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. చిన్నప్పుడు రైల్లో వెళ్తూ కోరుకొండ స్టేషన్ వచ్చినప్పుడల్లా సైనిక్ స్కూల్ వైపు చూసేవాణ్ణి. 1962లో పూసపాటి రాజుల బంగళాలో మొదలైన స్కూలు అది. ఆరో తరగతికి ఎంట్రన్స్ రాశాను, రాలేదు. అప్పుడు మా నాన్న ఒకే మాట అన్నారు: "పోనీలే. యూనిఫారం వొద్దు, బాగా చదువుకో. ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం చెయ్." ఆయన మాట మీద చదివాను, ఎం.ఎస్సీ. కంప్యూటర్స్ చేశాను, ఏసీ లేకపోతే బతకలేని దేశానికే వచ్చిపడ్డాను!

అందుకే వాడి ప్రశ్న తాతకు చెప్పడానికి జంకాను. చివరికి వాడే వీడియో కాల్ చేశాడు. నేను పక్కనే కూర్చున్నాను.

"ఏటి బాబూ, పోలీసవుతావా?" అని నవ్వారు మా నాన్న. తరువాత కాసేపు ఏమీ అనలేదు. "నీకు సిరిమాను తెలుసు కదా?"

విజయనగరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. దసరా వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా ఊరేగిస్తారు. లక్షల జనం వస్తారు.

"ముప్పై ఏళ్ళ పైన సిరిమాను డ్యూటీ చేసేను బాబూ. ఒక్క ఏడూ సిరిమాను చూడ్నేదు" అన్నారు.

"అక్కడే ఉన్నావు కదా తాతా?"

"ఉన్నాను. సిరిమాను నా వెనకాల వెళ్ళిపోయేది. నా ముఖం జనం వైపు. ఎవడు తోస్తున్నాడు, ఏ పిల్ల తప్పిపోయింది, ఎవడి చెయ్యి ఎవడి జేబులో ఉంది, అదే చూడాల. పోలీసోడి ముఖం ఎప్పుడూ జనం వైపే ఉంటాది. సిపాయి ముఖం సరిహద్దు వైపు. మనోళ్ళందరూ ఆడి వెనకాల ఉంటారు. నీకు ఎటు చూడాలని ఉందో అది ఆలోచించు. టోపీ రంగు తరవాత."

నలభై దాటిన నాకు ఈ మాట మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

ముఖం ఎటైతే జీవితం అటు

ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే చాలా విషయాలు తేటపడ్డాయి.

సైన్యంలో కుర్ర ఆఫీసరు చేతికి తన జవాన్లను ఇస్తారు. వాళ్ళతోనే తిండి, వాళ్ళతోనే పరుగు, కొండ ఎక్కితే వాళ్ళకన్నా ముందు ఎక్కాలి. ఎదుటివాడు శత్రువు అన్నది చాలావరకు స్పష్టం. రెండు మూడేళ్ళకొక బదిలీ, ఫీల్డ్ పోస్టింగులో కుటుంబం వెంట ఉండదు. "బ్యాచిలర్ స్టేటస్" మీద ఇక్కడ బతుకుతూ ఊళ్ళో భార్యాపిల్లలను ఫోన్‌లో చూసుకునే మన అన్నదమ్ములకు ఆ బతుకు వేరే వివరించనక్కర్లేదు.

పోలీసు దగ్గరికి వచ్చేవాడు శత్రువు కాదు. ఫిర్యాదు చేసేవాడూ మనవాడే, నిందితుడూ మనవాడే. వాళ్ళిద్దరూ అదే వీధిలో రేపు మళ్ళీ ఎదురుపడతారు. బలం వాడాల్సి వస్తే ఎంత తక్కువ వాడితే అంత మంచి పోలీసు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, ఇది రాజ్యాంగంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి పాత ఐ.పి.సి. పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంటే పోలీసు సగం లాయరు కూడా. ఊళ్ళో గొడవ అదుపు తప్పితే మేజిస్ట్రేట్ సైన్యాన్ని పిలవొచ్చు, కానీ అది చివరి మెట్టు. సైన్యం పని ముగించుకుని బ్యారక్‌లకు వెళ్ళిపోతుంది. పోలీసు మాత్రం ఆ ఊళ్ళోనే ఉండాలి.

మన తెలుగువాళ్ళలోనే ఇద్దరిని తలుచుకుందాం.

సూర్యాపేట కుర్రాడు కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. నాకు రాని కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతిలో చేరి, ఎన్.డి.ఎ., డెహ్రాడూన్ మీదుగా 2004లో ఆఫీసరయ్యారు. 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ ఆఫీసరుగా 2020 జూన్ 15 రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో, తన జవాన్లతో కలిసి పోరాడుతూ ప్రాణాలిచ్చారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. తాను సైన్యంలో చేరలేకపోయానని, అందుకే కొడుకును పంపానని ఆయన తండ్రి అప్పట్లో చెప్పారు. ఆ మాట చదివినప్పుడు ఏ తండ్రికైనా గొంతు పట్టేస్తుంది.

రెండో ఆయన ఐ.పి.ఎస్. అధికారి ఉమేశ్ చంద్ర. 1999 సెప్టెంబర్ 4న హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో, పట్టపగలు, నడిరోడ్డు మీద నక్సలైట్లు ఆయనను కాల్చి చంపారు. అక్కడ సరిహద్దు లేదు, కందకం లేదు, చుట్టూ ట్రాఫిక్. ఇప్పుడు అదే కూడలిలో ఆయన విగ్రహం ఉంది. గ్రేహౌండ్స్ దళాన్ని స్థాపించిన కె.ఎస్. వ్యాస్ కూడా అంతే, 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో వ్యాయామానికి వెళ్ళినప్పుడు హతమయ్యారు. సైనికుడికి యుద్ధభూమి ఎక్కడో ఉంటుంది. పోలీసుకు ఇంటి ముందు రోడ్డే కావచ్చు.

మరి ఈ గీత అంత నిక్కచ్చిగా ఉందా అంటే, లేదు. అక్టోబర్ 21న దేశమంతా పోలీసు అమరవీరుల దినం జరుపుకుంటారు. మా నాన్న ఏటా ఆ పరేడులో నిలబడేవారు. అది ఎందుకో తెలుసా? 1959లో ఆ రోజున లదాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఆ రోజుల్లో అక్కడ సరిహద్దు కాసింది పోలీసులే! ఇప్పటికీ బి.ఎస్.ఎఫ్., సి.ఆర్.పి.ఎఫ్., ఐ.టి.బి.పి. లాంటి కేంద్ర బలగాలున్నాయి. పేరుకు పోలీసు, బతుకు సైన్యం లాంటిది. డిగ్రీ తరువాత 20 నుంచి 25 ఏళ్ళ లోపువాళ్ళు యు.పి.ఎస్.సి. పరీక్ష రాసి వాటిలో అసిస్టెంట్ కమాండెంట్‌గా చేరొచ్చు. పోలీసా, మిలిటరీయా అని ఊగిసలాడే పిల్లలు ఈ మూడో దారి కూడా చూడాలి.

మనం ఉంటున్న ఖోబర్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1996 జూన్ 25 రాత్రి ఖోబర్ టవర్స్ దగ్గర ట్రక్కు బాంబు పేలి 19 మంది అమెరికా వైమానిక దళం వాళ్ళు చనిపోయారు. పాతకాపులకు ఆ శబ్దం ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ భవనం పైకప్పు మీద కాపలా ఉన్న సార్జెంట్ ఆల్ఫ్రెడో గెరెరో వైమానిక దళంలోని సెక్యూరిటీ పోలీసు. కంచె పక్కన ట్యాంకర్ ఆపి డ్రైవరు పరుగెత్తడం చూసి, రేడియోలో హెచ్చరించి, మెట్లు దిగుతూ తలుపులు బాదుతూ పై అంతస్తుల్లో వాళ్ళను లేపాడు. ఆ కొద్ది నిమిషాల్లో ప్రాణాలు దక్కినవాళ్ళు ఎందరో. యూనిఫారం సైన్యానిది, చేసిన పని మా నాన్న సిరిమాను దగ్గర చేసిందే: కళ్ళు తెరుచుకుని చూడడం, మనవాళ్ళను పక్కకు తప్పించడం.

గల్ఫ్ పిల్లలు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

పిల్లలూ, ఇది మీకోసం. అమ్మానాన్నలు కూడా చదవొచ్చు!

ఒకటి, తెలుగు. ఎన్.డి.ఎ. పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది కాబట్టి తెలుగు రాకపోయినా నడుస్తుంది. కానీ ఎస్.ఐ. పరీక్షలో తెలుగు పేపరు పాస్ కావాలి. సివిల్స్ మెయిన్స్‌లో కూడా ఒక భారతీయ భాష పేపరు తప్పనిసరి, అందులో తప్పితే మిగతా పేపర్లు దిద్దరు. ఇంట్లో తెలుగు మాట్లాడడం వేరు, ఫిర్యాదు కాగితం చదివి అర్థం చేసుకోవడం వేరు. వారాంతం తెలుగు క్లాసు ఎగ్గొట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

రెండు, 'లోకల్' చిక్కు. రాష్ట్ర పోలీసు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం స్థానికులకే. మీరు స్కూలు రోజుల్లో ఎక్కడ చదివారు, ఎక్కడ నివసించారు అన్నది లెక్కలోకి వస్తుంది. ఒకటో తరగతి నుంచీ దమ్మామ్‌లో చదివిన పిల్లలు నాన్-లోకల్ కింద పడే అవకాశం ఉంది. నోటిఫికేషన్ జాగ్రత్తగా చదవండి. ఎన్.డి.ఎ., సి.డి.ఎస్., ఐ.పి.ఎస్.లకు ఈ బాధ లేదు. అయితే ఐ.పి.ఎస్. వస్తే ఏ రాష్ట్ర కేడర్ ఇస్తారో మన చేతిలో ఉండదు. తాత చెప్పిన "మన జనం" నాగాలాండ్ జనం కూడా కావచ్చు!

మూడు, ఒళ్ళు. మాల్‌లో నడక వ్యాయామం కాదు. కళ్ళు, పళ్ళు, పాదాలు, బరువు అన్నీ చూస్తారు. వైద్య ప్రమాణాలు నోటిఫికేషన్‌లోనే ఉంటాయి, రెండేళ్ళు చదివాక కాదు, చదవడం మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించుకోండి.

నాలుగు, చిన్న పిల్లలున్న ఇళ్ళకు. కోరుకొండలోనూ, కలికిరిలోనూ సైనిక్ స్కూళ్ళున్నాయి. ఆరో తరగతికీ తొమ్మిదో తరగతికీ అఖిల భారత ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఇప్పుడు అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు.

అమ్మాయిలంటే గుర్తొచ్చింది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్.డి.ఎ. తలుపు అమ్మాయిలకు తెరుచుకుంది. 2022లో మొదటి జట్టు చేరింది, 2025 మే నెలలో వాళ్ళలో 17 మంది కోర్సు పూర్తి చేసుకుని బయటికి వచ్చారు. ఈ మాట విన్నప్పటి నుంచి మా అమ్మాయి సైకిల్ స్పీడు పెరిగింది. మా ఆవిడ బి.పి. కూడా!

చివరగా, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన కష్టమైన మాట ఒకటి. అకాడమీ శిక్షణలో తీవ్రంగా గాయపడి, వైకల్యంతో ఇంటికి వచ్చేసిన కేడెట్లున్నారు. అప్పటికి ఇంకా ఆఫీసరు కాలేదు కాబట్టి వాళ్ళకు మాజీ సైనికుల హోదా రాలేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టింది. ఆ నెలాఖరుకు వాళ్ళను మాజీ సైనికుల వైద్య పథకంలో చేర్చుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. బ్రోషర్లలో ఈ సంగతి ఉండదు. పిల్లాడిని పంపేవాళ్ళు తెలిసే పంపాలి.

మా ఇంట్లో ఏం తేలింది?

ఈ చివరి సంగతి మా ఆవిడకు నేనే చెప్పాను. దాచడం న్యాయం కాదనిపించింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఇంత దూరం వచ్చి ఇన్నేళ్ళు ఉన్నది పిల్లలు సుఖంగా ఉండాలనే కదా. వాడు కష్టం కోరుకుంటుంటే ఏం చేస్తాం?" అంది. ఒప్పుకున్నట్టా కాదా? పాతికేళ్ళ కాపురంలో ఇలాంటివి తిరిగి అడగకూడదని నేర్చుకున్నాను.

మా నాన్న మళ్ళీ ఫోన్ చేశారు, ఈసారి నాకు. "నిన్ను యూనిఫారం వొద్దన్నాను. తప్పు చేసేనంటావా?" అని అడిగారు.

"లేదు నాన్నా. బాగానే ఉన్నాను కదా" అన్నాను. నిజమే చెప్పాను. ఆయన పండగ పూట ఇంట్లో ఉన్న రోజులు నాకు వేళ్ళ మీద లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారానికొక సెలవు 2019లో మొదలైందని చదివి, "మేం రిటైరయ్యాక ఇచ్చేరు" అని నవ్విన మనిషి ఆయన. ఆ కష్టం కొడుకుకు వద్దనుకోవడం ప్రేమే. కానీ ఆయన వద్దన్నది తనకు తెలిసిన పనిని. మనం చాలామంది వద్దంటున్నది మనకు తెలియని పనిని. ఆ రెండూ ఒకటి కాదు. నాకు తెలియదు కాబట్టి వద్దు అనే హక్కు నాకు లేదని, కనుక్కుని చెప్పే బాధ్యత మాత్రం ఉందని ఈ రెండు నెలల్లో అర్థమైంది.

ఇక మా పెద్దాడు. ఎన్.డి.ఎ. ఒకసారి రాస్తానన్నాడు. వస్తే వెళ్తాడు, రాకపోతే డిగ్రీ చేసి అప్పుడు మళ్ళీ ఆలోచిస్తాడట. ఇంజనీరింగ్ అప్లికేషన్లు కూడా వేస్తున్నాడు (అది అమ్మ కోసం). పొద్దున్న ఎండ రాకముందు కార్నిష్‌లో పరుగెత్తుతున్నాడు. వారానికి రెండుసార్లు తాతకు ఫోన్ చేసి తెలుగు పేపరు పైకి చదువుతున్నాడు. వత్తులు తప్పితే హెడ్ కానిస్టేబుల్ గారు వదలరు!

మొన్న వాడిని అడిగాను, "ఏం రా, ముఖం ఎటో తేలిందా?" అని.

"ఇంకా లేదు డాడీ. ఈసారి దసరాకి సిరిమాను చూడ్డానికి వెళ్దామా? తాతని కూడా తీసుకెళ్ళి, సిరిమాను వైపు తిప్పి నిలబెడదాం" అన్నాడు.

టిక్కెట్లు చూస్తున్నాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే, మీ నాన్నగారో తాతగారో యూనిఫారం వేసుకున్నవాళ్ళయితే, రాసి పంపండి. వచ్చే సంచికలో కలుద్దాం. అందాకా సెలవు!